గాజుల బదులు పింఛను

ఇంటికి ఎవరొచ్చి "మీ ఆవిడ ఏం చేస్తారు?" అని అడిగినా మా ఆయనది ఒకటే జవాబు. ఖాళీయే, ఇంట్లోనే ఉంటుంది. పక్షవాతంతో మంచాన పడ్డ ఆయన తల్లికి జావ తాగిస్తూ పక్క గదిలోంచి ఆ మాట వినేదాన్ని. ఆవిడ కోసమే బ్యాంకు ఉద్యోగం మానేసినదాన్ని. ఒళ్ళు మండేది.

అత్తగారు పోయాక, అరవై దగ్గరపడుతుంటే పింఛను సంగతి కనుక్కోవడానికి ఆఫీసుకు వెళ్లాను. బెంగ లేదు. గుంటూరులో మాస్టారుగా చేసిన నాన్న పోయాక ఆయన పింఛను అమ్మకు వచ్చింది. ఇక్కడ సింగపూర్‌లోనూ అంతే అనుకున్నాను. కౌంటర్లోని అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఇక్కడ ఎవరి పింఛను ఖాతా వారిదేనట. జీతం లేని ఏళ్లలో అందులో ఏమీ పడదట. అంటే అత్తగారికి చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే. నా మొహం చూసి ఇంకో మాట కూడా చెప్పింది. ఇంట్లోవాళ్లు నా ఖాతాలో డబ్బు వేయొచ్చట. నాలాగా తక్కువ పొదుపున్న పెద్దవాళ్లకు ప్రభుత్వం కూడా ఓ పరిమితి వరకు అంతే డబ్బు కలుపుతుందట.

ఇంటికొచ్చేసరికి తండ్రీకూతుళ్లు నా పుట్టినరోజుకు ఫోన్లో బంగారు గాజులు ఎంచుతున్నారు. గాజులొద్దు, ఆ డబ్బు నా ఖాతాలో వేయమన్నాను.

ఆయన నవ్వారు. "నీకు పింఛనెందుకే? నేను లేనా?"

"మీ అమ్మకి మీరున్నారు. అయినా చూసుకుంది నేనే కదండీ. అది ఉద్యోగం కాదా?"

అమ్మ చెప్పింది కరెక్టే లా, అని సింగపూర్ యాసలో అంటూ మా అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది.

అప్పటి నుంచి ఏటా గాజుల డబ్బు ఖాతాలోకే వెళ్లింది. పేరంటాల్లో నా పాత గాజులు చూసి జాలిపడ్డవాళ్లను పడనిచ్చాను.

అరవై అయిదు నిండాక మొదటి పింఛను పడింది. పెద్ద మొత్తమేం కాదు, కానీ నాది. నా కాళ్లు నేలమీద నిలవలేదు. మర్నాడు సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు పక్కన తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాదని పట్టిపెట్టి, ఆయన్ను దర్జాగా కూర్చోబెట్టి కాఫీ తెచ్చాను. ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన తెలుగమ్మాయి పలకరించి, ఆంటీ ఏం చేస్తారని ఆయన్నే అడిగింది.

"రిటైరైందమ్మా. ఈ కాఫీ ఆవిడ పింఛనుదే."

ఏ ఉద్యోగం చేసేవారని ఆ పిల్ల మళ్లీ అడిగింది. ఆయన కప్పు కింద పెట్టారు.

"మా అమ్మని చూసుకుంది."

నేను లేచి వెళ్లి ఆయనకు ఇంకో కాఫీ తెచ్చాను.