నాలుగు దగ్గర దిగే అత్తయ్య

అంతరిక్షానికి అందరికంటే ఎక్కువసార్లు వెళ్లకుండా తిరిగొచ్చిన మనిషి మా అత్తయ్య. ప్రపంచ రికార్డు! ఏ పుస్తకంలోనూ లేదే అంటారా, పుస్తకాలు రాసేవాళ్లకి వ్యాను లేదు, నాకుంది. ఆమెని నౌక దాకా దింపి, ఇంజన్ ఆపకుండా అక్కడే కాచుకుని, మళ్లీ ఇంటికి తెచ్చింది నేనే. చదువు నన్ను మధ్యలో దించేసింది. అత్తయ్య తనంతట తానే దిగేది. మా ఇద్దరికీ తేడా అంతే.

ఆమె టెస్ట్ పైలట్. డబ్బున్నవాళ్లని ఆకాశం అంచుదాకా తిప్పి తెస్తానని బయల్దేరిన ఓ ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. కొత్త నౌక తయారవగానే, టికెట్టు కొన్నవాళ్లకంటే ముందు తాను ఎక్కి, అది మనుషుల్ని చంపుతుందో లేదో చూసి చెప్పాలి. అలాంటి ఉద్యోగంలో చేరి, ఎక్కినదల్లా దిగడమే పనిగా పెట్టుకుంది.

నౌకే అననేల? మా ఏడంతస్తుల భవనంలో లిఫ్టు ఎక్కేది, గోడకి చెవి ఆనించేది, దిగిపోయేది.

"బాగానే ఉందిగా?" అనేవాడు మామయ్య, రెండు చేతుల్లో కూరగాయల సంచులతో.

"నాకు నచ్చలేదు."

"పోనీ నేనెక్కుతా."

"అప్పుడు నువ్వూ నచ్చవు."

మామయ్య మెట్లెక్కేవాడు. ఆయన పిక్కలు చూసి పరుగుపందేలవాళ్లు ఆగి నమస్కారం పెట్టారని చెబితే మా ఇంట్లో ఒక్కరూ నమ్మరు.

అందరికంటే నలిగిపోయింది కంపెనీ యజమాని. ఆయనకి రాకెట్టు కంటే మైకే ప్రాణం. పది, తొమ్మిది, ఎనిమిది అని ఆయనే లెక్కపెట్టాలి. గొంతు తడుపుకోవడానికి వేడినీళ్ల ఫ్లాస్కుతో ఒక మనిషి పక్కనే. మూడు దగ్గర ఇంజన్ అంటుకుంటుంది కాబట్టి దిగేవాళ్లకి నాలుగే ఆఖరి స్టాపు. సరిగ్గా "నాలుగు" అనగానే స్పీకర్లో అత్తయ్య గొంతు: "ఆపండి. నిచ్చెన తెండి."

ఒకసారి బూటు బిగువు. ఒకసారి అద్దం మీద మరక. ఒకసారి, "మీ గొంతు బొంగురుగా ఉంది సార్, రేపు చూద్దాం."

మూడేళ్లలో పందొమ్మిది సార్లు. పాపం ఆయన ఎవరికైనా ఫోన్ నంబరు చెబుతూ నాలుగు రాగానే టక్కున ఆగి నిచ్చెన కోసం చూసేవాడు.

ఇరవయ్యోసారి టీవీలవాళ్లు వచ్చారు. టికెట్లు కొన్న నలభైమంది కుర్చీలేసుకు కూర్చున్నారు. యజమాని వ్యాను దగ్గరికొచ్చి, "ఇవాళ దిగితే మళ్లీ ఎక్కనక్కర్లేదు," అన్నాడు.

"అలాగే సార్," అంది అత్తయ్య. ఆ వినయం చూసి నాకు వణుకు పుట్టింది.

"ఆరు... ఐదు... నాలుగు..."

"ఆపండి. నిచ్చెన తెండి. సీటు గుచ్చుకుంటోంది."

యజమాని మైకు ఆపడం మరిచిపోయి, దాంతోనే పరుగెత్తుకొచ్చాడు. తర్వాతదంతా మైదానమంతా విన్నది.

"సీటు కింద పలక విప్పించండి," అంది అత్తయ్య నిచ్చెన దిగుతూ.

విప్పారు. గాలి పైపు నోట్లో ఒక గుడ్డ. పని జరిగేటప్పుడు దుమ్ము పడకుండా కుక్కుతారు, పలక బిగించేముందు తీసెయ్యాలి. ఎవరో తీయలేదు. అలాగే ఎగిరి ఉంటే పైన ఊపిరాడేది కాదు.

"గుడ్డ ఉందని మీకెవరు చెప్పారు?"

"సీటు."

"ఆ మనిషి పేరు చెప్పండి. వాడి ఉద్యోగమో, మీదో!"

అత్తయ్య మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆయన మైకుకే తగిలించింది. "నాదే తీసుకోండి. పేరు మాత్రం చెప్పను. ఇవాళ ఒకణ్ణి పంపేస్తే రేపటి నుంచి ఏ సీటూ నోరు విప్పదు. అంత తొందరైతే మీరే ఎక్కండి, నేను లెక్కపెడతాను."

నౌక వైపు చూసి యజమాని ఒకడుగు వెనక్కి వేశాడు. ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచి, "ఈ అమ్మాయి తోలితేనే నేనెక్కుతా," అంది. వెనక ముప్పైతొమ్మిది మంది లేచారు. యజమాని ఆ కార్డు తీసి, చొక్కాతో తుడిచి, తిరిగి అత్తయ్య చేతిలో పెట్టాడు.

ఆమె సూటు విప్పి వచ్చేలోగా, బెల్టులు బిగించే మేస్త్రి నా వ్యానులోకొచ్చి కూలబడ్డాడు.

"ఆ గుడ్డ నాదే బాబూ. ఆఖరి బెల్టు బిగిస్తుంటే గుర్తొచ్చింది. ఇప్పటికే ఒక తప్పు రాశారు నా మీద. రెండోదైతే ఇంటికే. ఆవిడ చెవిలో చెప్పాను."

"వెంటనే దిగొచ్చుగా?"

"వెంటనే దిగితే చివర మాట్లాడినవాణ్ణి పట్టేస్తారు. అందుకే నాలుగు దాకా ఆగుతుంది. ఇక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. అనుమానం మనది, దిగడం ఆవిడది."

ఆరు రోజులకి నౌక ఎగిరింది. మేస్త్రే బెల్టులు బిగించాడు. యజమాని ఆనందం పట్టలేక "సున్నా" అని రెండుసార్లు అన్నాడు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఏడంతస్తుల జనాన్నీ పోగేసి చెప్పాను: "ఇరవైసార్లూ పరాయివాళ్ల కోసమే దిగింది! మా అత్తయ్యకి భయమంటే ఏమిటో తెలీదు!"

అప్పుడే పైకొస్తున్న అత్తయ్య, రెయిలింగ్ పట్టుకుని ఆగి, అంది:

"పద్దెనిమిదే. రెండుసార్లు నాకే భయమేసింది."