ఎడమ కనుబొమ్మ మీద గాటు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. తణుకులో కంసాలి అప్పాజీ గురించి ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. జ్ఞానమ్మగారి మీద కూడా అలాగే నోరు పారేసుకున్నాను.

ఆవిడది మా పక్క ఊరు, లూథరన్ చర్చి వెనక వీధి. భర్త పోయాక ఊడుపులకీ కోతలకీ వెళ్లి ఒక్కగానొక్క కొడుకు విజయ్ పాల్‌ని పెంచింది. వాడు మిలిటరీలో చేరి, సరిహద్దులో మందుపాతర పేలి చనిపోయాడు. మొన్న జనవరిలో మాజీ సైనికుల సంఘం వాళ్లు మన ప్రాంతపు అమరవీరుల జ్ఞాపకంగా, ఒక్కొక్కరి ముఖంతో వెండి నాణేలు వేయించారు. సభలో శాలువా కప్పి ఆవిడకీ కొడుకు నాణెం ఇచ్చారు. మర్నాడే నా కొట్టుకి తెచ్చింది.

"ఎడం కనుబొమ్మ మీద చిన్న గాటు పెట్టండి బాబూ" అంది.

నాకు ఒళ్లు మండింది. "మతుండే మాట్లాడుతున్నారా? అమరవీరుడి ముఖం మీద ఉలి పెట్టమంటారా? సంఘం వాళ్లు చూస్తే నా కొట్టు ముందు టెంటు వేసుకుని కూర్చుంటారు."

ఆవిడ కదల్లేదు. "చిన్నప్పుడు కోతల్లో నా వెనకాలే తిరిగేవాడండి. నేను చూసుకోలేదు, కొడవలి తగిలింది. అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదు. ఫొటోలో స్టూడియో అతను ఆ మచ్చ కనపడకుండా చేసేశాడండి. సంఘం వాళ్లకి ఆ ఫొటోయే ఇచ్చాను."

"అయితే ఏంటి? కింద పేరుందిగా."

"నాకు చదువు రాదు కదండీ." నాణెం నా ముందు బల్ల మీద పెట్టింది. "మిలిటరీ వాళ్లు శవపెట్టె తెరవనివ్వలేదండి. చూడ్డానికేం లేదన్నారు. లోపలున్నది వాడేనని నా మనసు ఒప్పుకోలేదు, ఏడుపు కూడా రాలేదు. ఇదైనా వాడి మొహం అవ్వాలండి."

నా నోరు పడిపోను! నాణేన్ని కదలకుండా లక్కలో బిగించి సన్న ఉలి తీశాను. ఎంత గాటు, ఎటు వాలు అని అడిగితే తన కనుబొమ్మ మీదే గోటితో గీసి చూపించింది. రెండు దెబ్బలు కొట్టి, తుడిచి, ఆవిడ అరచేతిలో పెట్టాను.

చాలాసేపు చూసింది. బొటనవేలితో ఆ గాటు తడిమింది.

"వచ్చావా నాన్నా" అంది.

కొడుకు పోయిన రెండేళ్లకి, నా కొట్టు గడప మీద కూలబడి ఆవిడ ఏడ్చింది.