వంకర సాళ్లు

నా చిన్నప్పుడు నేను విన్న మొదటి ఉపన్యాసం మా బాపు గురించే. అప్పటికి ఆయన పోయి పన్నెండు రోజులు. మాది నర్మెట్ట దగ్గర ఊరు. సర్కారు లెవీ కింద గుంజుకున్న ధాన్యం బండిని దొర గడీకి పోనీయకుండా అడ్డం నిలబడినవాళ్లలో ఆయన ముందున్నాడు. తుపాకీ గుండు కూడా ముందు ఆయనకే తగిలింది. నాకు ఎనిమిదేళ్లు. నేను ఏడవలేదు. ఏడుస్తానేమోనని అందరూ నా మొహంలోకి చూస్తుంటే నాకు ఆకలి మాత్రమే వేసేది. అందుకు సిగ్గుపడేదాన్ని.

ఉపన్యాసం చెప్పడానికి, రైతుల కోసం కొట్లాడుతున్న సంఘం తరఫున ఒక మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నటి చేతులు, కళ్లద్దాలు. పొద్దువాలాక ఊరి కళ్లంలో నిలబడి చాలాసేపు మాట్లాడాడు. పోయినవాడు చావలేదన్నాడు. ఈ మట్టిలో విత్తనమై పడ్డాడనీ, వాన పడితే మళ్లీ మొలుస్తాడనీ, ఒక్కడు పడ్డచోట పదిమంది లేస్తారనీ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మాను. రైతు బిడ్డను, విత్తనం వేస్తే మొలుస్తుందని నాకు తెలుసు. ముందు రోజే మిరుగం కార్తె తొలి వాన పడింది కూడా.

వాన పడిందంటే విత్తాలి. మాది ఎర్ర చెల్క, మెట్టనేల. తడి మూడు రోజులకు మించి నిలవదు. ఆ అదును తప్పితే ఏడాదంతా పస్తులే. ఊళ్లో మగవాళ్లు సగంమంది పోలీసుల భయానికి గుట్టల్లో ఉన్నారు. మిగిలినవాళ్లకు ఎవరి చెల్క వాళ్లకే సరిపోయింది. మా ఇంట్లో విత్తే గొర్రు పట్టే చెయ్యి లేదు. బాపు గొర్రు తోలుతుంటే వెనక నడుస్తూ గొర్రు మీది జడ్డిగం గిన్నెలో గింజలు పోసేది మా అమ్మ. ఆమె పన్నెండు రోజులుగా గోడవైపు తిరిగి పడుకునే ఉంది. తినమంటే తినేది, లేవమంటే లేచేది, మాట మాత్రం లేదు.

సభ అయ్యాక ఆయన అన్నానికి మా ఇంటికే వచ్చాడు. మా నాయనమ్మ జొన్న గటక పెట్టి ఎదురుగా కూర్చుంది. ఊళ్లో అందరూ ఆమె నోటికి భయపడేవాళ్లు. ఆ రోజు మాత్రం చాలా నెమ్మదిగా అడిగింది.

"నా కొడుకు విత్తనమంటివి బిడ్డా. బాగున్నది. మరి రేపు గొర్రు పట్టేదెవలు?"

ఆయన చెయ్యి గటక మీదే ఆగిపోయింది. తల వంచుకుని తిన్నాడు.

తెల్లారి ఆయన ఊరు విడిచి పోలేదు. పట్టపగలు చెల్కలో కనబడితే పోలీసులు పట్టుకుపోతారని వెంట వచ్చిన సంఘంవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. ధోతి మోకాళ్లపైకి కట్టి మా ఎడ్లను తోలుకొచ్చాడు. ఆయనకు సేద్యం రాదని రెండు సాళ్లకే తెలిసిపోయింది. ఎడ్లది ఒక దారి, ఆయనది ఒక దారి, గొర్రుది మరో దారి. గింజలు పోస్తున్న నాయనమ్మ ఆ వంకరలు చూసి పళ్లు బిగబట్టుకుని వెనకే నడిచింది. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, బాట మీద ఎవరైనా వస్తే చెప్పమన్నారు.

పొద్దు నడినెత్తికి రాకముందే మా అమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నాయనమ్మ ఒడిలోని గింజలు తన కొంగులో పోసుకుని గొర్రు వెనక నిలబడింది. రెండు సాళ్లు నడిచాక, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"అన్నా, జర గొర్రు మీద బరువెయ్యి. గింజ పైపైననే పడుతున్నది."

ఆయన బరువేశాడు. సాయంత్రానికి చెల్క అయిపోయింది. ఆయన అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. నాయనమ్మ వాటికి ఆముదం రాసి పంపింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చెల్కకు పోయేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు మొలకలు కనిపించాయి. ఒక్కో సాలు వెంట, ఆ వంకరలన్నీ తిరుగుతూ, చివరిదాకా నడిచి చూశాను. అన్నీ జొన్నలే. గట్టు మీద కూర్చున్నాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. బాపు ఇక రాడని మాత్రం తెలిసింది.

ఆ ఏడు మేము పస్తులుండలేదు. చలికాలంలో, మా చెల్క విత్తిన ఆయన కూడా పోయాడని కబురొచ్చింది. ఏ ఊళ్లోనో ఆయన గురించీ ఎవరో ఉపన్యాసం చెప్పే ఉంటారు. ఆయన ఇంటి పని ఎవరు అందుకున్నారో, అసలు అందుకున్నారో లేదో తెలుసుకునే దారి మాకు లేకపోయింది. నాయనమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. చావు జరిగిన ఇంటికి పోతే అందరూ మంచి మంచి మాటలు చెబుతారు. నాకు అవి రావు, వినాలనీ ఉండదు. రాతిగుండె మనిషినని మా కోడళ్లు అనుకుంటారు. నేను నేరుగా వెనక దొడ్లోకి పోయి, బర్రెను పిండారా లేదా అని చూస్తాను. పిండకపోతే చెంబు తీసుకుని కూర్చుంటాను. చేతుల్లో ఇప్పుడు పట్టు లేదు. ధార వంకరగా పోయి సగం పాలు కిందే పడతాయి. మిగిలిన సగం ఇంట్లోకి పంపిస్తాను.