అత్తమ్మ పేగు ఆపరేషన్

మా అత్తమ్మకు సిగ్గు ఎక్కువ. కోరుట్లలో మా ఇంట్లోనే ఉండి బీడీలు చుట్టేది. నేను గడప తొక్కానో లేదో కొంగు నెత్తి మీదికి వచ్చేది. నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. గోడకు చెప్పినట్టు చెప్పేది, నేను వినాలి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, బస్సులన్నీ బంద్ అయినప్పుడు, ఆమెకు కడుపునొప్పి మొదలైంది. పొట్ట ఉబ్బింది, పచ్చగా వాంతులు. నా భార్య సిరిసిల్లలో బాలింత చెల్లెలి దగ్గర ఉంది. నేనే ఆటోలో జగిత్యాల తీసుకుపోయాను. దారిలో రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నవాళ్లు ఆమెను చూసి, ఉడుకుతున్న అన్నం గుండిగను జరిపి మరీ దారి ఇచ్చారు.

గర్భసంచి తీసిన పాత ఆపరేషన్ వల్ల పేగులు ఒకదానికొకటి అతుక్కుని మూసుకుపోయాయని డాక్టరు చెప్పాడు. పొట్ట కోయకుండా మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ విడదీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అసలు బాధ ఆ తర్వాతే. పేగు మళ్లీ కదిలిందనడానికి గుర్తు కింది నుంచి గాలి పోవడం. అది పోయేదాకా చుక్క నీళ్లు కూడా ఇవ్వరు. డాక్టరు వచ్చినప్పుడల్లా "గాలి పోయిందా అమ్మా?" అని అడిగేవాడు. మంచం పక్కనే నిలబడి నేను ఆమె ముఖం చూసేవాణ్ని. ఆమె తల అడ్డంగా ఊపేది. కొడుకైనా ఇంత చూసుకోడన్న గర్వంతో నేను ఆ గది వదల్లేదు. ఆమె నాలుకతో పెదాలు తడుపుకుంటుంటే మాత్రం చూడలేకపోయాను. చివరికి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "రేపటికి గూడ పోకపోతే పొట్ట కోసి చూడాలె" అన్నాడు.

మరునాడు పొద్దున నా భార్య దొరికిన ఆటో ఎక్కుతూ, వేములవాడ మీదుగా వచ్చి చేరింది. తల్లి ఆమెను దగ్గరికి వంగమని చెవిలో ఏదో చెప్పింది. నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నిన్ననే పోయిందట. అల్లుని ముంగట ఎట్ల చెప్తనే బిడ్డా అంటుంది."

"మరి కడుపు కోస్తమంటున్నరు గద" అన్నాను.

అత్తమ్మ గోడవైపు తిరిగి, "కోస్తే కోయనియ్యి" అంది.

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె అంటే నాకెంత ప్రేమో కూడా అప్పుడే తెలిసింది. డాక్టరు రాగానే నేనే బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. లోపల ఆయన మళ్లీ అదే అడిగాడు.

అన్నేళ్లలో నేనెన్నడూ వినని గట్టి గొంతు వినిపించింది. "పోయింది సారూ. నిన్న పోయింది, పొద్దుగాల పోయింది, గిప్పుడు గూడ పోయింది. జెర చాయ్ తాగనియ్యుండ్రి."