పదకొండో నంబరు మగ్గం

1998 జూన్‌లో తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో, ఎలక్ట్రానిక్స్ విభాగంలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరాను. పేరు గంభీరంగా ఉంటుంది గానీ అది పర్మనెంటు ఉద్యోగం కాదు. కేంద్రప్రభుత్వ నిధులతో నడిచే మూడేళ్ళ ప్రాజెక్టు; అది ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. డాక్టరేట్ చేతికొచ్చి, లెక్చరర్ పోస్టు ఇంకా రానివాళ్ళు కాలు మోపే మెట్టు అది. నా కింద ఇద్దరు జూనియర్ రీసెర్చ్ ఫెలోలు, నా పైన ప్రాజెక్టు బాధ్యత వహించే ప్రొఫెసర్ గారు. మేం రాసే కంప్యూటర్ ప్రోగ్రాం పనిచేస్తే ఆయన పేరు, పనిచేయకపోతే నా పేరు వినబడుతుందని అప్పట్లో అనుకునేదాన్ని. ఆయన వినేలా మాత్రం ఎప్పుడూ అనలేదు.

మా విషయం ఇమేజ్ ప్రాసెసింగ్. కెమెరా తీసిన బొమ్మను అంకెలుగా మార్చి, ఆ అంకెల్లోంచి కంటికి ఆనని సంగతులు రాబట్టే శాస్త్రం. ప్రాజెక్టులో మాకు అప్పగించిన పని, నేసిన గుడ్డలో లోపాలను కంప్యూటర్ చేత పట్టించడం. అందుకు నగరిలో ఒక పవర్‌లూమ్ షెడ్డును ఎంచుకున్నాం. ఇరవైనాలుగు మగ్గాల ఆ షెడ్డు యజమాని దేవరాజులు. పదో తరగతి దాటకపోయినా కొత్త యంత్రమంటే ప్రాణం పెట్టే మనిషి. గుడ్డను మడత పెట్టకముందు పరచి చూసే బల్ల మీద మా కెమెరా బిగించుకోవడానికి మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. వారానికి రెండు రోజులు తిరుపతిలో బస్సెక్కి వడమాలపేట, పుత్తూరు మీదుగా నగరి వెళ్ళేదాన్ని. షెడ్డులో స్థిరంగా బిగించేదాకా కెమెరాను సామాన్ల అరలో పెట్టడానికి మనసొప్పక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పక్క సీటువాళ్ళు బిడ్డేమో అనుకుని చోటిచ్చేవారు.

పద్ధతి చెప్పుకోవడానికి తేలిక. గుడ్డంటే నిలువు దారాలు, అడ్డం దారాలు, అంటే పడుగూ పేకా. రెండూ ఒకే ఎడంలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. బొమ్మలో ఏది ఎంత దూరానికి ఒకసారి తిరిగి వస్తోందో లెక్కగట్టే గణితం ఒకటుంది, ఫూరియర్ పద్ధతి అంటారు. ఆ లెక్కలో నేత తాలూకు క్రమం ఎత్తైన శిఖరాలుగా కనబడుతుంది. ఆ శిఖరాలను చెరిపేసి బొమ్మను వెనక్కి తెస్తే నేత మాయమైపోయి తెగిన దారం, నూనె మరక, తప్పిపోయిన పేక మాత్రమే మిగులుతాయి. మొదటిసారి అది తెర మీద చూసినరోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

చిక్కంతా గళ్ళ లుంగీతో వచ్చింది. నగరిలో అవి విరివిగా నేస్తారు. మా ప్రోగ్రాం ప్రతి గడినీ లోపమే అంది. షెడ్డులో అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఇంకో పదిరోజులు కూర్చుని, ఎంత దూరానికైనా సరే, క్రమం తప్పకుండా తిరిగి వచ్చేదాన్నల్లా తనంతట తానే గుర్తించి చెరిపేసేలా ప్రోగ్రాం మార్చాను. గళ్ళు పోయాయి, చారలు పోయాయి, అంచులు పోయాయి. క్రమంగా ఉన్నది నేత, క్రమం లేనిది తప్పు. ఈ ఒక్క వాక్యం మీద మేం ఒక సదస్సులో పత్రం చదివాం, చప్పట్లు కూడా కొట్టించుకున్నాం.

దేవరాజులుకు మా యంత్రం మీద నాకంటే ఎక్కువ నమ్మకం కుదిరింది. నేసి చుట్టిన ప్రతి గుడ్డ తానుకూ ప్రింటర్‌లోంచి ఒక చీటీ వచ్చేది: మగ్గం నంబరు, తేదీ, 'లోపం లేదు' అనే మాట, కింద అచ్చులోనే నా పొట్టి సంతకం. ఆ చీటీని తానుకు కుట్టి చెన్నై వ్యాపారికి పంపేవాడు. చూసి వద్దని చెప్పబోయి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, నా సంతకం చెన్నై దాకా వెళ్తోందని లోలోపల మురిసిపోయాను.

2000 ఫిబ్రవరిలో ఒక సోమవారం షెడ్డుకు వెళ్ళేసరికి గుమ్మంలోనే గుడ్డ బేళ్ళు పడి ఉన్నాయి. అన్నీ మా చీటీలతో వెళ్ళినవే, చెన్నై నుంచి తిరిగి వచ్చాయి. అన్నీ పదకొండో నంబరు మగ్గం మీద నేసిన తెల్ల పాప్లిన్ గుడ్డ. తెలుపులో ఏమీ కనబడలేదు. నీలం రంగు అద్దిన ముక్క ఒకటి వ్యాపారి జతచేసి పంపాడు, దాని మీద మాత్రం అడ్డంగా లేత చారలు వరసగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మెట్లలా కనబడ్డాయి.

ఆ మగ్గం నడిపేది మునిలక్ష్మి. నలభై ఏళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా ఆ షెడ్డులోనే నాలుగు మగ్గాలు చూసుకుంటోంది. దేవరాజులు అప్పటికే తీర్పు చెప్పేశాడు. కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు, గుడ్డను కొంచెం వెనక్కి వదిలి సరిచూసుకుని మగ్గం నడపాలి. అలా చూసుకోకపోతే ఆగినచోట అడ్డంగా ఒక గీత పడుతుంది. ఇది నేతవాళ్ళందరికీ తెలిసిన తప్పు. మునిలక్ష్మి అజాగ్రత్తగా నడిపి ఇన్ని గీతలు పడేసిందని, పొద్దున మగ్గాలు వేయకముందే షెడ్డంతా వినేలా అన్నాడట. శనివారం దాకా చేసి మానుకోమన్నాడట. నగరి చిన్న ఊరు. చారలు పడేసిందన్న పేరు వస్తే ఇంకే షెడ్డులోనూ ఆమెకు మగ్గం ఇవ్వరు.

దేవరాజులు నన్ను సాక్షిగా నిలబెట్టాడు. "మిషన్‌లో తప్పుంటే మీ కెమెరా పట్టేసి ఉండును గదా మేడమ్. లోపం లేదని మీ చీటీనే సెప్తా ఉండాది. అంటే తప్పు మనిషిదే" అన్నాడు.

మనిషి తప్పు చేస్తే మాత్రం కెమెరా ఎందుకు పట్టలేదని అతనికి తోచలేదు. అంతకంటే సిగ్గుచేటు, నాకూ తోచలేదు. నా చీటీని కాపాడుకోవాలన్న ఆరాటం తప్ప ఆ నిమిషంలో నా బుర్రలో ఇంకేమీ లేదు. రంగు వేసిన చోట ఏదైనా పొరపాటు జరిగిందేమో అన్నాను. మునిలక్ష్మి నన్నొక చూపు చూసి, ఆ నీలం ముక్కను బల్ల మీద పరిచి, ఒక చార మీద బొటనవేలు ఆనించి జాన చాచింది. చిటికెనవేలు సరిగ్గా రెండో చార మీద పడింది. అక్కడి నుంచి మళ్ళీ చాచింది. మూడో చార. ముక్క చివరిదాకా అలాగే కొలిచింది, ఒక్క చారా తప్పలేదు.

"నా సెయ్యి తప్పు జేస్తే యాడో ఒగ సోట జేస్తాది. ఇట్ల కొల్సినట్ల జేస్తాదా అమ్మా? కరెంటు గూడా జాన కొల్సుకోనే పోతా ఉండాదా?" అంది.

దేవరాజులు విసుక్కున్నాడు. నేను మాత్రం ఆ చారలనే మళ్ళీ చూశాను. కొలిచినట్టు, మళ్ళీ మళ్ళీ, ఒకే దూరంలో. నేను పదిరోజులు కూర్చుని చెరిపేయడం నేర్పింది సరిగ్గా దాన్నే. మా కెమెరా ఆ చారలను చూడకపోవడం కాదు. చూసింది, గళ్ళ లుంగీలో గళ్ళనుకుని శుభ్రంగా తుడిచేసింది. ఆ తర్వాత 'లోపం లేదు' అని రాసి కింద నా సంతకం పెట్టింది. మనిషి చేసే తప్పుకు లెక్కాపత్రం ఉండదు. యంత్రం చేసే తప్పే తు.చ. తప్పకుండా తిరిగి వస్తుంది. లోపాలు వెతకడానికి వెళ్ళి, యంత్రం చేసే తప్పులన్నిటికీ నేనే ముసుగు కప్పాను.

రెండు తానులు తీసుకుని మధ్యాహ్నం బస్సుకే తిరుపతి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఆ చెరిపేసే భాగాన్ని తీసేసి గుడ్డను మా ప్రయోగశాలలో ఉన్న ఇంకో కెమెరా కింద నడిపించాను. నేత శిఖరాల పక్కన, ఇన్నాళ్ళూ మేం చూడని చోట, పొట్టిగా ఒక శిఖరం నిలబడి ఉంది. దూరం ఇరవై సెంటీమీటర్లు. మునిలక్ష్మి జాన.

ప్రొఫెసర్ గారికి కాగితం చూపించాను. వచ్చేవారం ఢిల్లీ నుంచి మూల్యాంకన కమిటీ రావలసి ఉంది. ప్రాజెక్టు కొనసాగాలో వద్దో తేల్చేది వాళ్ళే. అచ్చయిన పత్రం తప్పని మనమే చెప్పుకోవడం ఎందుకు, వాళ్ళు వెళ్ళాక నిదానంగా సరిచేద్దామన్నారు. అప్పటికి ఆమెను పంపించేసి ఉంటారన్నాను. అది షెడ్డు యజమాని వ్యవహారం అన్నారు. నాకు కోపం వచ్చింది. ఉద్యోగంలో పైవాళ్ళతో గొంతు పెంచి మాట్లాడింది ఆ ఒక్కసారే.

"ఆ చీటీ మీద ఉన్నది నా సంతకం సార్. దాన్ని చూపించే ఆమెను పొమ్మంటున్నారు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ చారలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పగలవా అని అడిగారు. మగ్గం వివరాలుంటే చెప్పగలనన్నాను. అయితే బస్సులో వద్దు, డిపార్ట్‌మెంటు జీపు వేయించుకో అన్నారు. గురువారం జీపు బయల్దేరే వేళకు ముందు సీట్లో ఆయనే కూర్చుని ఉన్నారు.

మగ్గం నేసిన గుడ్డను ఒక దండె, అంటే గుండ్రంగా తిరిగే రోలరు, తనవైపు లాక్కుంటూ ఉంటుంది. ఆ దండెను తిప్పడానికి పక్కన ఒకదానికొకటి తగులుకుని ఏడు పళ్ళచక్రాలుంటాయి. ఒక్కో చక్రం ఒక చుట్టు తిరిగేసరికి గుడ్డ ఒక్కో కొలత ముందుకు జరుగుతుంది. ఏదైనా చక్రానికి పళ్ళు అరిగితే, అది చుట్టు తిరిగినప్పుడల్లా గుడ్డ ఒకచోట సరిగ్గా జరగక చార పడుతుంది. ఏ చక్రం చుట్టుకు గుడ్డ ఇరవై సెంటీమీటర్లు జరుగుతుందో తెలిస్తే దోషి దొరికినట్టే. మునిలక్ష్మి ఒక్కో చక్రానికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, చేత్తో తిప్పుతూ పళ్ళు లెక్కపెట్టి చెప్పింది. నేను రాసుకున్నాను. లెక్క రెండుసార్లు వేశాను. రెండుసార్లూ ఐదో చక్రమే వచ్చింది. ఆ అంకెను కాగితం మీద రాసి, మడిచి, దేవరాజులు జేబులో పెట్టాను. అది కొంచెం ఆర్భాటమే, ఒప్పుకుంటాను.

దేవరాజులు పానా పట్టుకుని స్వయంగా చక్రాలు ఒక్కొక్కటే విప్పాడు. ఐదోది చేతిలో తిప్పి చూసి, పళ్ళన్నీ బాగానే ఉన్నాయి కదా అన్నట్టు నావైపు చూశాడు. ప్రొఫెసర్ గారు పైకప్పు వైపు చూస్తున్నారు. అప్పుడు మునిలక్ష్మి ఆ చక్రాన్ని అందుకుని, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో రుద్దింది. ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజు, దూది నూగు ముద్దలుగా ఊడివచ్చాయి. వాటి కింద పక్కపక్కనే రెండు పళ్ళు సగానికి అరిగి బోడిగా ఉన్నాయి. పళ్ళ సందుల్లో గట్టిపడిన ఆ మడ్డి వాటిని నిండుగా కనబడేలా చేసింది. దేవరాజులు జేబులోంచి కాగితం తీసి చదివి, చక్రాన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

మా యంత్రం గెలిచిందని అతనన్నాడు. గెలిచింది యంత్రం కాదని, అది ఓడిపోయిందని, గెలిచింది మునిలక్ష్మి అని చెప్పాను. ఆ మాట అనడం నాకు కష్టమవుతుందనుకున్నాను, కాలేదు. అయితే సరే, శనివారం మాట మరిచిపో, పనిలోకి పో అని దేవరాజులు ఆమెతో మెల్లగా అన్నాడు. ఆమె కదల్లేదు. నగరిలో యజమానిని తమిళ పద్ధతిలో మొదలాళి అని పిలుస్తారు.

"మెల్లగ సెప్తే యట్ల మొదలాళీ. తప్పు నాదని అందురి ముందర గదా అంటివి. తప్పు నాది గాదని గూడా అందురి ముందరనే సెప్పు" అంది.

మగ్గాలు నడుస్తుంటే ఆ షెడ్డులో నాలుగడుగుల అవతలి మాట వినబడదు. దేవరాజులు వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. నడుస్తున్న మిగతా మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయినప్పుడు తప్ప పనివేళ ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అరిగిన చక్రాన్ని పైకెత్తి చూపించి, తప్పు దీనిదనీ, మునిలక్ష్మిది కాదనీ, తాను తొందరపడ్డాననీ చెప్పాడు. ఆ మాత్రం మాట చెప్పడానికి నడుస్తున్న షెడ్డును ఆపిన మనిషిని నేను గౌరవిస్తాను. మునిలక్ష్మి తలూపి, చేతులు తుడుచుకుని, తాను చూసుకునే మిగతా మూడు మగ్గాల దగ్గరికీ వెళ్ళి గుడ్డను వెనక్కి వదిలి సరిచూసుకుంది. ఆ తర్వాతే స్విచ్ వేయమంది. ఆ ఆనందం నాకు డాక్టరేట్ వచ్చినరోజు కూడా కలగలేదు.

కమిటీ ముందు ప్రొఫెసర్ గారు మొట్టమొదట మా తప్పునే చెప్పారు. ఆ తర్వాత అరిగిన చక్రాన్ని బల్ల మీద పెట్టారు. గుడ్డను చూసి లోపం పట్టే కెమెరాలు అప్పటికే కొన్ని దేశాల్లో ఉన్నాయి. మాది గుడ్డను చూసి మగ్గంలో ఏ చక్రం అరిగిందో చెబుతోంది. కమిటీ పెద్ద ఆ చక్రాన్ని చేత్తో తిప్పుతూ చాలాసేపు ప్రశ్నలడిగాడు. ప్రాజెక్టును ఇంకో రెండేళ్ళు పొడిగించారు. ఆ పని ఆధారంగానే తర్వాత నాకు అదే విభాగంలో లెక్చరర్ పోస్టు వచ్చింది. ప్రొఫెసర్‌గా పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నాను.

చీటీ మీద 'లోపం లేదు' అనే మాట ఆ వారమే తీసేశాం. దాని బదులు ఏమేం వెతికామో, ఏమేం చెరిపేశామో రెండు వరుసల్లో అచ్చువేయించాం. ఏ బొమ్మలోంచైనా, ఏ సంకేతంలోంచైనా అక్కరలేదని ఒకదాన్ని తీసేసేముందు, తీసేసినదాన్ని విడిగా పెట్టి చూడాలి. తప్పు కనబడలేదని రాసేవాళ్ళు, ఎక్కడ వెతకలేదో కూడా రాయాలి. నా దగ్గర పరిశోధన చేసిన ప్రతి ఒక్కరిచేతా థీసిస్‌లో ఆ వివరాలతో ఒక పేజీ రాయించాను. విసుక్కున్నవాళ్ళున్నారు, దెబ్బలాడినవాళ్ళున్నారు. ఆ పేజీ లేకుండా నా సంతకం తీసుకెళ్ళినవాళ్ళు మాత్రం లేరు.