పగిలిన దిమ్మ ఎవరిది

సీతాఫల్‌మండి స్టేషనుకు అవతల ఉన్న ఐసు కార్ఖానా గేటు మీద దాన్ని కట్టించినవారి పేరు రాతిలో చెక్కి ఉండేది. అందులో ఏళ్ల తరబడి పనిచేసిన రోసమ్మ పేరు ఎక్కడా లేదు. ఆ లోటు ఇక్కడైనా తీరాలి.

రోసమ్మ గుంటూరు వైపు నుంచి భర్త దేవానందంతో సీతాఫల్‌మండికి కాపురానికి వచ్చింది. అతడు కార్ఖానాలో యంత్రం నడిపేవాడు. నీళ్లు నింపిన రేకు డబ్బాలను గడ్డకట్టించేంత చల్లని ఉప్పునీటి తొట్టిలో దించితే, మరునాటికి అద్దంలాంటి దిమ్మలు తయారయ్యేవి. అతడు పోయాక, ఆ దిమ్మలను రంపపు పొట్టులో, గోనెల్లో దాచే కొట్టును ఆమెకు అప్పగించారు. ఆమె చేతిలో దిమ్మ అంచు కూడా విరిగేది కాదు.

కార్ఖానాకు ఒక నియమం ఉండేది. నిలువ ఎంత తక్కువైనా మొదటి దిమ్మ అధికారుల క్లబ్బుకే వెళ్లాలి. అయితే క్లబ్బు పగిలిన దిమ్మను ముట్టదు. ఆ ముక్కలు గేటు దగ్గర నిలబడినవారికి ఇచ్చేయాలి. ఈ నియమాన్ని ఏ అధికారంతో చేశారని ఎవరూ అడగలేదు.

1948 సెప్టెంబరులో, పోలీసు చర్య నాటికి, బొగ్గు రాక యంత్రం ఆగిపోయింది. కొట్టులో మిగిలింది ఒకే దిమ్మ. వీధుల్లో సైనిక వాహనాలు తిరుగుతున్న ఆ ఉదయం పొరుగింటి పర్వతాలు రొప్పుతూ వచ్చాడు. అతని కూతురు పుష్పమ్మకు జ్వరం తలకెక్కింది.

“రోసమ్మక్కా, పోరి పిలిస్తే సుత పలుకుతలేదు. నెత్తి మీద బరఫ్ పెట్టమన్నడు డాక్టరు. జెర ఇయ్యరాదే.”

అప్పటికే క్లబ్బు వంటవాడు లూకా పెట్టెతో నిలబడి ఉన్నాడు. మేనేజరు జకర్యా అడ్డం వచ్చాడు.

“అది క్లబ్బుది. ఇవాళ అక్కడ విందు. వేరేవాళ్లకిస్తే రేపటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”

“విందయ్యేదాకా జ్వరం ఆగుద్దా అండీ?”

“రూలు రూలే, రోసమ్మా.”

“మీ పంచాయితీ తెగేసరికి నేను నీళ్లు మోసుకపోవాలె,” అన్నాడు లూకా.

రోసమ్మ గోనె తొలగించింది. దిమ్మను లూకా వైపు జరుపుతున్నట్టే వంగి, ఇనుప ములుకును నడిమధ్యన దించింది. దిమ్మ భళ్లున ముక్కలైంది.

“చేయి జారిందండి,” అంది నెమ్మదిగా. “పగిలింది క్లబ్బుకు పనికిరాదు కదా. రూలు మీదే.”

లూకా ఖాళీ పెట్టెను భుజానికెత్తుకున్నాడు.

“బరువు తప్పించినవ్ అక్కా. దొరలకు ఉడుకు సోడా పోస్తా తీ.”

ఆ ముక్కలను గుడ్డలో చుట్టుకుని ఆమె పర్వతాలు ఇంటికి నడిచింది, పిల్ల తల దగ్గరే కూర్చుంది. పొద్దు వాలేవేళకు పుష్పమ్మ కళ్లు తెరిచి, “ఏందీ, గింత సల్లగుంది? తియ్యున్రి,” అని కసిరింది.

తన నియమాన్ని తానే కాదనలేక జకర్యా ఆమెను పనిలోంచి తీసేయలేదు. న్యాయశాస్త్రం చదవని రోసమ్మ, అన్యాయమైన నియమంలోనే న్యాయానికి దారి చూసింది. బొగ్గు వచ్చి యంత్రం మళ్లీ కదిలాక, వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా మొదటి దిమ్మ దగ్గర ఆమె చేయి జారుతూనే ఉండేది.