మామ్మగారు అప్పజెప్పిన మొక్కలు

నా చిన్నప్పుడు మా నాన్నగారికి పెద్దాపురం దగ్గర ఒక మెట్ట ఊరి బడికి బదిలీ అయింది. అంతవరకు మేము కోనసీమలో ఉండేవాళ్ళం. అక్కడ మా పెరటి వెనకే కాలువ. అమ్మ ఏ కొమ్మ గుచ్చినా చిగురించేది. మల్లెలు, కనకాంబరాలు ఇంటి చుట్టూ విరగబూసేవి. మెట్ట ఊళ్ళో మేం దిగిన ఇంటి చుట్టూ ఎర్రటి గులకరాళ్ళ నేల. బావిలో నీళ్ళు తాగడానికి, వంటకి చాలితే గొప్ప. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చి నాటిన అంట్లన్నీ ఒక్కొక్కటిగా మాడిపోయాయి.

చివరి మల్లె అంటు కూడా ఎండిపోయిన రోజున అమ్మ దాన్ని పీకి పొయ్యిలో పడేసింది. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ మాట తగ్గిపోయింది. వేసవి సెలవులు రాగానే నన్ను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతానని, ఇక రానని నాన్నగారితో చెప్పింది. ఆయన ఉద్యోగం వదులుకోలేరు. "నీ ఇష్టం" అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. సెలవులిచ్చిన రోజున అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే, నాన్నగారి బట్టలు కూడా అందులో పెడుతుందేమోనని గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పెట్టలేదు. ఏడుపు ఆగక పక్కింటి మామ్మగారి దగ్గరికి పరిగెత్తి, ఆవిడ ఒళ్ళో తల పెట్టి అంతా చెప్పేశాను.

మామ్మగారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. చర్చికి తప్ప ఎక్కడికీ కదిలేవారు కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా ఇంట్లోనే ఉండి నన్ను కనిపెట్టుకుని చూశారు. ఆవిడ పెరట్లో గైలార్డియా పూలుండేవి, ఎర్రటి రేకులకి పసుప్పచ్చ అంచులతో. ఎక్కడో ఎడారి నేలల్లో ఎవరూ నాటకుండానే పెరిగే పువ్వని నాన్నగారు చెప్పేవారు.

మర్నాడు మామ్మగారు మా ఇంటికి వచ్చారు. "అమ్మాయ్, భీమవరం మా చెల్లెలింటికి వెళ్తున్నానమ్మా. నేనొచ్చేదాకా నా మొక్కలు నువ్వే చూడాలి. ఇంకెవర్ని నమ్మను?" అన్నారు.

అమ్మ సర్దిపెట్టిన ట్రంకు పెట్టె వైపు చూసింది. నా జ్వరంలో అంత చేసిన మనిషికి కాదని చెప్పలేకపోయింది. "సరేనండీ, మీరొచ్చేదాకా ఉంటాను" అంది.

ప్రయాణం ఆగింది గానీ నా భయం పోలేదు. అమ్మ పొద్దునా సాయంత్రం, దూరమని చూడకుండా ఊరి చెరువు నుంచి బిందెతో నీళ్ళు మోసి పోసేది. కొద్ది రోజులకే మొక్కల మొదళ్ళు కుళ్ళి, తలలు వాల్చేశాయి. అమ్మ అక్కడే కూలబడి, "ఈ ఊళ్ళో నా చేతిలో ఏదీ బతకదే" అని ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే, గోడ అవతల రాళ్ళ మధ్య అవే పూలు కనిపించాయి. గింజలు రాలి వాటంతటవే మొలిచిన మొక్కలు. చుక్క నీరు పడని చోట నిండుగా పూసి ఉన్నాయి. అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. వంగి వాటి మొదట్లో పొడిమట్టి తడిమి చూసింది. మళ్ళీ బిందె ముట్టలేదు.

నేల ఆరాక మిగిలిన మొక్కలు తేరుకున్నాయి. అమ్మ రోజూ వెళ్ళి ఎండిన పూలు తుంచి గింజలు ఏరేది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి పలకరించేవారు. ఒకావిడ గింజలడిగింది. ఇంకొకావిడ మా వంటింట్లోకి వచ్చి కూర్చునేంత చనువైంది. ఒక సాయంత్రం వాళ్ళ మధ్య అమ్మ పకపకా నవ్వడం విని, నాన్నగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

మామ్మగారు తిరిగొచ్చిన రోజున అమ్మ భయంభయంగా ఎదురెళ్ళింది. "నీళ్ళెక్కువై కొన్ని చచ్చిపోయాయండీ."

"వాటికి నీళ్ళెందుకమ్మా? ఎవరూ చూడకపోయినా పూస్తాయవి."

"మరి నాకెందుకు అప్పజెప్పారండీ?"

"నీ కూతురు ఏడుస్తూ వచ్చింది. వెళ్ళొద్దని నేనంటే వింటావా ఏంటి?"

అమ్మ నా వైపు చూసింది. దెబ్బలు పడతాయనుకున్నాను. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని నన్ను దగ్గరికి లాక్కుంది. నాన్నగారు ఏమీ అడక్కుండా ట్రంకు పెట్టె ఖాళీ చేసి అటకెక్కించారు. ఆ పూట నేను మారు వడ్డించుకుని మరీ అన్నం తిన్నాను.

ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంటులో కొత్తగా దిగినవాళ్ళు ఎవరైనా "ఇక్కడ ఉండలేకపోతున్నానండీ" అంటే సలహాలివ్వను. ఏదో ఒకటి అప్పజెబుతాను. తనని ఒకరు నమ్ముకున్నారని తెలిస్తే మనిషికి అక్కడ కాలు నిలుస్తుంది. నిన్న పై అంతస్తు అమ్మాయికి మా ఇంటి తాళంచెవి ఇచ్చి, నేను ఊరి నుంచి వచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండమన్నాను. నిజానికి నాకు ఊరెళ్ళే పనేమీ లేదు. ఇప్పుడు ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి రావాలి.